నెల జీతం ఇంటిది, సీజన్ డబ్బు అప్పుది: మా ఇంటి అప్పులు గడువుకన్నా ముందే తీర్చుకుంటున్న పద్ధతి

మాది తెనాలి. మా ఆయన ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మగ్గం వర్క్ చేస్తాను. ఇంట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు. 2020లో కాలేజీలు మూతపడ్డప్పుడు ఆయనకు కొన్ని నెలలు సగం జీతం వచ్చింది, కొన్ని నెలలు అదీ రాలేదు. 2021 మేలో మామగారికి కరోనా వచ్చింది. పన్నెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. మనిషి దక్కలేదు, అప్పు మిగిలింది.

ఆ జూన్ నెలలో ఒక రోజు కూర్చుని మా పాప లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలో అప్పులన్నీ రాశాం. ఇల్లు కొన్నప్పటి బ్యాంకు లోన్ బాకీ 17 లక్షల 37 వేలు, నెలకు ఈఎంఐ 15,621. ఆస్పత్రి కోసం నోటు రాసి తెచ్చిన 2 లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నా నెక్లెస్ మీద గోల్డ్ లోన్ లక్షన్నర. క్రెడిట్ కార్డు మీద 64 వేలు. మా అన్నయ్య దగ్గర చేబదులు 50 వేలు. డ్వాక్రాలో నా వాటా ఇంకో 40 వేలు. ఇవి కాక నెలకు 5 వేల చీటీ. ఇద్దరి సంపాదన కలిపి 48 వేలు వస్తుంటే, ఈఎంఐ, నోటు వడ్డీ, కార్డు మినిమమ్, చీటీ, డ్వాక్రా పోను ఐదుగురికి నెలంతా మిగిలేది 18 వేలు. పిల్లల ఫీజులు అందులోనే.

ఇప్పుడు ఇంటి లోన్ తప్ప మిగతావన్నీ తీరాయి. ఇంటి లోన్ కూడా బ్యాంకు చెప్పిన గడువుకన్నా పదేళ్లు ముందు తీరే దారిలో ఉంది. ఎలా చేశామో రాస్తున్నాను. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం పనికొస్తుంది.

అన్ని వడ్డీలూ ఏడాది లెక్కకు తెచ్చి రాయండి

మన దగ్గర వడ్డీ రూపాయల్లో చెబుతారు. "రెండు రూపాయలే కదా" అనిపిస్తుంది. నూటికి నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. కార్డు వాళ్లు నెలకు 3.5 శాతం అంటారు, అది ఏడాదికి 42 శాతం. మా గోల్డ్ లోన్ 11 శాతం. ఇంటి లోన్ అప్పట్లో 7.25 శాతం. ఈ నాలుగు అంకెలూ ఒక దాని కింద ఒకటి రాసేదాకా మాకు అసలు విషయం తెలియలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టనిచ్చేది కాదు ఆ 17 లక్షలు. రోజూ మమ్మల్ని తినేస్తున్నది మాత్రం ఆ 64 వేలు, 2 లక్షలు.

కార్డు మీద నెలకు 3,200 మినిమమ్ కడుతున్నాం, అందులో 2,240 వడ్డీకే పోతోంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నదానికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. అందుకే ఆ రోజే కార్డును పర్సులోంచి తీసి అత్తగారి ట్రంకు పెట్టెలో పెట్టాం. ఆన్‌లైన్‌లో సేవ్ చేసిన చోట్ల నుంచి కూడా తీసేశాం.

ఎక్కువ వడ్డీ అప్పును తక్కువ వడ్డీలోకి మార్చండి

తీర్చడానికి చేతిలో డబ్బు లేనప్పుడు కూడా చేయగలిగిన పని ఇది. మా నోటు మీద ఏడాదికి 48 వేలు వడ్డీ. అదే 2 లక్షలు బ్యాంకులో బంగారం పెట్టి తెస్తే 22 వేలు. ఏడాదికి 26 వేల తేడా.

నా దగ్గర తాకట్టు పెట్టకుండా మిగిలింది నాలుగు కాసుల గొలుసు ఒక్కటే, అది చాలదు. విషయం అత్తగారికి చెప్పాలా వద్దా అని మేమిద్దరం వారం రోజులు నలిగాం. మామగారు పోయి రెండు నెలలు కూడా కాలేదు. చివరికి చెప్పాం. ఆమె ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి నాలుగు గాజులు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆయన కోసం చేసిన అప్పేగా, నా గాజులు అక్కరకు రాకపోతే ఎందుకే అమ్మా" అంది. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు అప్పు సంగతి దాచకండి. దాచినందువల్ల వాళ్ల బాధ తగ్గదు, మన టెన్షన్ రెట్టింపవుతుంది.

బ్యాంకులో బంగారం పెట్టేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. అన్ని నగలూ కలిపి ఒకే లోన్‌గా పెట్టవద్దు. మేము గొలుసుకు ఒకటి, గాజులకు ఒకటి, విడివిడిగా రాయించుకున్నాం. కలిపి పెడితే మొత్తం కట్టేదాకా ఒక్క నగ కూడా బయటికి రాదని చెబుతారు. విడిగా ఉంటే ఒకటి తీర్చగానే ఒకటి ఇంటికొస్తుంది. ఏడాది చివర వడ్డీ మాత్రం కట్టి తిరగరాయించుకుంటూ పోయే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అలా అసలు ఎప్పటికీ తగ్గదు. మధ్యలో ఎంత వస్తే అంత అసలుకి కట్టించుకుంటారో లేదో ముందే అడిగి పెట్టండి.

నోటు తీర్చిన రోజు అసలు కాగితం చేతికి తీసుకుని అక్కడే చింపేయాలి. మధ్యలో కొంత కొంత కడుతుంటే ప్రతిసారీ నోటు వెనక తేదీ వేసి చెల్లు రాయించుకోవాలి. మా బంధువుల్లో ఒకాయన డబ్బు మొత్తం కట్టి, "తర్వాత ఇస్తాలే" అన్న మాట నమ్మి నోటు వదిలేసి వచ్చారు. ఏడాదిన్నరకు అప్పిచ్చినవాళ్లు మళ్లీ డబ్బు అడిగారు.

చీటీ పాడాలా వద్దా

లక్ష రూపాయల చీటీ, ఇరవై నెలలు. 2021 ఆగస్టుకి పదకొండో నెల. చివరిదాకా ఆగితే కమిషన్ పోను 95 వేలు వస్తుంది. ఆ నెల పాటలో 85 వేలకు దక్కేలా ఉంది. "పది వేలు నష్టం" అని చుట్టుపక్కల అందరూ వద్దన్నారు. మేము లెక్క వేశాం. ఆ తొమ్మిది నెలల్లో కార్డు మీద 64 వేలకు వడ్డీ 20,160. పది వేలు పోగొట్టుకుని ఇరవై వేలు ఆపుకోవడం నష్టం కాదు. పాడేశాం. కార్డు బాకీ పైసాతో సహా కట్టేశాం, మిగిలిన 21 వేలు గొలుసు లోన్‌కి కట్టాం. చీటీ రిజిస్టర్ అయినదైతేనే ఈ లెక్కలన్నీ. నమ్మకం మీద వీధిలో నడిచే చీటీలో పెద్ద మొత్తం పెట్టవద్దు.

పది నిమిషాల్లో లోన్ ఇచ్చే ఫోన్ యాప్‌ల జోలికి ఎంత అవసరమొచ్చినా వెళ్లకండి. అలాగే కార్డు కంపెనీవాళ్లు "సగం కట్టండి, సెటిల్ చేస్తాం" అంటే సంబరపడకండి. మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో అది తీర్చినట్టు పడదు, సెటిల్ చేసినట్టు పడుతుంది. రేపు పిల్లల చదువు లోన్ దగ్గర అదే అడ్డం వస్తుంది.

అన్నయ్య అప్పు

వడ్డీ లేని అప్పు చివర్లో తీర్చాలని లెక్క చెబుతుంది. నేను ఒప్పుకోను. మా అన్నయ్య ఎప్పుడూ అడగలేదు, వదిన కూడా అడగలేదు. కానీ రాఖీకి వెళ్లినప్పుడు నేనే వాళ్ల ముఖం చూడలేకపోయాను. ఆ నెల నుంచే నెలకు వెయ్యి చొప్పున వదిన ఖాతాకే వేశాను. మొదటి వెయ్యి పడిన రోజు వదిన ఫోన్ చేసి "ఎందుకమ్మా ఇప్పుడు" అంది, తర్వాత గంటసేపు మాట్లాడింది. చేబదులుకు చిన్న మొత్తమైనా తేదీ తప్పకుండా కట్టండి. అక్కడ వడ్డీ డబ్బు రూపంలో కాదు, రాకపోకలు తగ్గే రూపంలో పడుతుంది. డ్వాక్రా వడ్డీ తక్కువ, దాన్ని ముందు తీర్చాలని తొందర పడలేదు. వాయిదా మాత్రం తప్పలేదు, ఎందుకంటే నేను తప్పితే గ్రూపులో తొమ్మిది మందికి ఇబ్బంది.

సీజన్ డబ్బు ఎటు పోతోందో చూడండి

మా ఇంటిని నిలబెట్టింది ఈ ఒక్క మార్పే. పాలల్లో, కూరల్లో ఆదా చేసి అప్పు తీర్చాలని మొదటి రెండు నెలలు చూశాం. మహా అయితే నెలకు 1,200 మిగిలింది. దానికి ఇంట్లో రోజూ గొడవ.

నా పనికి ఒక క్యాలెండర్ ఉంది. ఆషాఢంలో, మూఢంలో మిషన్ ఖాళీ. శ్రావణంలో, పెళ్లి ముహూర్తాలు ఉన్న నెలల్లో అన్నం తినడానికి తీరిక ఉండదు. ఒక్క శ్రావణంలోనే యాభై, అరవై వేలు వచ్చేవి. ఆయనకు కూడా పరీక్షల ముందు ట్యూషన్ల డబ్బు వస్తుంది. అంత డబ్బు వచ్చి ఏమైందని పాత పుస్తకం తిరగేస్తే, ఒక వాషింగ్ మెషిన్, నాలుగు చదివింపులు, బంధువులకు చేబదులు, పండగ బట్టలు. ఏదీ వృథా కాదు. కానీ డబ్బు ఇంట్లో ఉంది కాబట్టే ఆ ఖర్చులు వచ్చాయి.

అప్పుడు మేమిద్దరం ఒక నియమం పెట్టుకున్నాం. నెల జీతం, నా మామూలు కుట్టుపని డబ్బు ఇంటివి. సీజన్ డబ్బు, ట్యూషన్ డబ్బు అప్పువి. కస్టమర్ ఫోన్‌పేలో వేసిన డబ్బు వేరే ఖాతాకి వచ్చేలా పెట్టాను. దాని ఏటీఎం కార్డు తీసుకోలేదు. ఖాతాలో పది వేలు చేరగానే అదే రోజు గోల్డ్ లోన్‌కి వెళ్లిపోయేది. రెండు రోజులు ఆగితే ఏదో ఒక ఖర్చు దానికి అడ్డం వచ్చేది, అది చాలాసార్లు చూశాను.

మీకు మగ్గం పని ఉండకపోవచ్చు. పసుపు అమ్మిన డబ్బు, బోనస్, డీఏ బకాయిలు, ఓవర్‌టైమ్, అద్దె అడ్వాన్సు, ఏదో ఒకటి ప్రతి ఇంటికీ నెల జీతానికి బయట వస్తుంది. దాన్ని వెతకండి.

మే నెలలో ఆయనకు సగం జీతమే. అందుకని జూన్ నుంచి మార్చి దాకా నెలకు 1,500 పోస్టాఫీసులో పక్కన పెట్టాం. గోల్డ్ లోన్ ముందుగా తీర్చేయాలన్న ఆత్రం ఎంత ఉన్నా ఆ డబ్బు ముట్టుకోలేదు. ఇంట్లో కనీసం 30 వేలు జ్వరాలకీ, ఆపదకీ లేకుండా ఉన్నదంతా అప్పుకి కట్టేస్తే, మళ్లీ రెండు రూపాయల వడ్డీ ఇంటికే వెళ్లాల్సి వస్తుంది.

ఇంటి మనుషులు

2021 శ్రావణంలో నేను రాత్రి ఒంటిగంట దాకా కుట్టాను. మెడ పట్టేసింది, కళ్లు మండేవి. ఆయన కాలేజీ నుంచి వచ్చి రాత్రి తొమ్మిదిన్నర దాకా ట్యూషన్లు. ఒకరోజు పాప అన్నం కంచం ముందు కూర్చుని "అమ్మా, నువ్వు నాతో మాట్లాడి ఎన్ని రోజులైందో తెలుసా" అంది. ఎనిమిదో తరగతి పిల్ల. ఏడవలేదు, కోప్పడలేదు, లెక్క అడిగినట్టు అడిగింది. ఆ రాత్రి మిషన్ ముట్టుకోలేదు.

అప్పటినుంచి రాత్రి తొమ్మిది తర్వాత మిషన్ మీద గుడ్డ కప్పేస్తాను. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఆర్డర్లు తీసుకోను, ఆయన ట్యూషన్ పెట్టరు. దీనివల్ల అప్పు తీరడం రెండు మూడు నెలలు ఆలస్యమై ఉంటుంది. ఆలస్యమైనా నాకు బాధ లేదు.

ఖర్చు తగ్గించేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కటి మాత్రం ముట్టుకోకూడదని రాసుకున్నాం. అత్తగారికి ఏటా విజయవాడ దుర్గమ్మ దర్శనం. బాబుకి క్రికెట్ కోచింగ్ ఫీజు. పాపకి పుట్టినరోజు కొత్త డ్రెస్. ఆయనకి ఆదివారం కోడి కూర. నాకు మా అమ్మ ఊరు వెళ్లే సంక్రాంతి మూడు రోజులు. ఇవి ఎంత కష్టమొచ్చినా ఆగవు. మిగతావి ఎవరిదైనా కోత పెట్టుకోవచ్చు. ఇలా రాశాక కోతలకు ఎవరూ ముఖం ముడుచుకోలేదు.

డబ్బు మాటలు రాత్రి పడుకునే ముందు మాట్లాడుకోకండి. మా పెద్ద గొడవలన్నీ అప్పుడే అయ్యాయి. ఇప్పుడు నెలలో మొదటి ఆదివారం, పొద్దున టీ తాగాక అరగంట. పాప కూడా కూర్చుంటుంది. తనకి మొత్తాలు చెబుతాం, భయాలు చెప్పం.

చదివింపుల సంగతి వేరే చెప్పాలి. మన వైపు పెళ్లిళ్ల సీజన్ వస్తే నెలకు ఆరేడు శుభలేఖలు. మనకు ఎవరు ఎంత చదివించారో రాసిన పుస్తకం అత్తగారి దగ్గర ఉంది. వాళ్లు పెట్టినంత పెడతాం, మాకు పెట్టని చోట 516 దాటం. నెలకు వెయ్యి పక్కన పెట్టి అందులోంచే తీస్తాం. మొదట్లో నామోషీగా అనిపించింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఎవరైనా చేబదులో, హామీ సంతకమో అడిగితే ఏం చెప్పాలో ముందే ఇద్దరూ అనుకుని ఉంచుకోండి. "అత్తయ్యగారి గాజులు బ్యాంకులో ఉన్నాయి వదినా, అవి ఇంటికొచ్చేదాకా ఎవరికీ ఇవ్వం, ఎక్కడా సంతకం పెట్టం" అని ఇద్దరం ఒకే మాట చెప్పేవాళ్లం. అబద్ధం కాదు కాబట్టి చెప్పడం తేలికైంది.

గాజులు 2022 మార్చిలో ఇంటికొచ్చాయి. గొలుసు ఆ ఏడాది శ్రావణం తర్వాత. నెక్లెస్ 2023 మార్చిలో.

ఇంటి లోన్

దీన్ని చివర పట్టుకోవాలి, కానీ మరిచిపోకూడదు. మేము 2020లో ఆర్‌బీఐ ఇచ్చిన మారటోరియం, అంటే ఈఎంఐ కట్టకుండా ఆగే వెసులుబాటు, ఆరు నెలలు వాడుకున్నాం. ఆ వడ్డీ అంతా అసలులో కలిసింది. ఆ తర్వాత 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు, అంటే బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది, దాంతో మా లోన్ వడ్డీ కూడా పెరిగింది. మా ఈఎంఐ పెరగలేదు కదా అనుకున్నాం. 2023 ఏప్రిల్‌లో స్టేట్‌మెంట్ తీసి చూస్తే 2037లో తీరాల్సిన లోన్ 2040కి జరిగింది. ఇంకా 208 వాయిదాలు. కట్టే 15,621లో దాదాపు 12,460 వడ్డీయే. ఏడాదికి రెండుసార్లు స్టేట్‌మెంట్ తీసి మిగిలిన వాయిదాల సంఖ్య చూడండి. ఈఎంఐ మారకపోయినా గడువు మారుతుంది. 2023 ఆగస్టులో ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది, వడ్డీ పెరిగినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా అన్నది అప్పు తీసుకున్నవాళ్లను అడగాలని.

గోల్డ్ లోన్లు తీరాయి కాబట్టి మేము ఈఎంఐని 18,500కి పెంచమని రాసిచ్చాం. నెలకు 2,879 ఎక్కువ. దానికే 208 వాయిదాలు 146 అయ్యాయి. ఐదేళ్లు తగ్గాయి.

పైన సీజన్ డబ్బు. శ్రావణం అయ్యాక 60 వేలు, మార్చిలో 60 వేలు పార్ట్ పేమెంట్. ఫ్లోటింగ్ వడ్డీ (మధ్యలో మారుతుండే వడ్డీ) ఇంటి లోన్‌ని వ్యక్తులు ముందే కడితే బ్యాంకు జరిమానా వేయకూడదు. ఫిక్స్‌డ్ వడ్డీ లోన్, పర్సనల్ లోన్ అయితే ముందు అడిగి తెలుసుకోండి. పార్ట్ పేమెంట్ కట్టేటప్పుడు "ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గించండి" అని కాగితం మీద రాసి, రిసీవ్డ్ స్టాంపు వేయించుకోండి. మొదటిసారి నోటితో చెప్పి వచ్చాను. తర్వాత చూస్తే గడువు అలాగే ఉంది, ఈఎంఐ తగ్గింది. మళ్లీ వెళ్లి మార్పించుకున్నాం. 2025లో రెపో తగ్గినప్పుడు కూడా ఈఎంఐ తగ్గించుకోలేదు, 18,500 అలాగే కడుతున్నాం.

పన్ను మినహాయింపు కోసం ఇంటి లోన్ ఉంచుకోవాలని మా ఆయన స్నేహితులు అంటుంటారు. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపు లేదు. మీరు ఏ విధానంలో ఉన్నారో చూసుకుని నిర్ణయించుకోండి.

లోన్ పూర్తిగా తీరాక పని అయిపోదు. నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోవాలి. బ్యాంకు 30 రోజుల్లోపు ఇంటి ఒరిజినల్ కాగితాలు తిరిగి ఇవ్వాలి. వాళ్ల వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల చొప్పున మనకు కట్టాలని 2023 డిసెంబర్ నుంచి నియమం ఉంది. తాకట్టు సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ అయి ఉంటే అక్కడ కూడా రద్దు చేయించి, ఈసీ (ఆస్తి మీద ఉన్న తాకట్టులు చూపే కాగితం) తీసి చూసుకోవాలి. మా పక్క ఫ్లాటువాళ్లు ఈ చివరి పని చేయించుకోలేదు. అమ్మబోయేటప్పుడు ఈసీలో పాత బ్యాంకు పేరు కనిపించి బేరం నెల రోజులు ఆగింది.

2025 సెప్టెంబర్ పార్ట్ పేమెంట్ తర్వాత మా బాకీ 11 లక్షల లోపుకి వచ్చింది. ఇలాగే కడితే 2029 మధ్యలో తీరుతుంది. కానీ పాప ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. వచ్చే జూన్ తర్వాత ఇంజినీరింగ్ ఫీజులు ఉంటాయి. తన చదువు కోసం ఇంకో అప్పు చేయడం కన్నా సీజన్ డబ్బులో సగం తనకి, సగం లోన్‌కి పెట్టాలని మొన్న మొదటి ఆదివారం అనుకున్నాం. లెక్క వేస్తే గడువు ఒక ఏడాది జరుగుతోంది. బీరువా తలుపు లోపల అంటించిన కాగితం మీద 2029 కొట్టేసి, పాపే తన చేత్తో 2030 అని రాసింది.